చవక వీడియో, ఖరీదైన గొడవ: ఎలక్ట్రానిక్ సంగీతంలో ఖర్చు అసలు ఎవరిది?

మూసీవాసి (చర్చ మొదలుపెట్టినవారు)

ఎలక్ట్రానిక్ సంగీతపు వీడియోల గురించి ఎక్కడ మాట వచ్చినా 800 డాలర్లు అనే అంకె తప్పకుండా వినిపిస్తుంది. ఫ్యాట్‌బాయ్ స్లిమ్ అనే బ్రిటన్ డీజే ‘ప్రెయిజ్ యూ’ పాటకు దర్శకుడు స్పైక్ జోన్జ్ తీసిన వీడియోకు అయిన ఖర్చు అదేనని చెబుతారు. లాస్ ఏంజెలెస్‌లోని వెస్ట్‌వుడ్‌లో ఒక సినిమా హాలు ముందు ఎవరి అనుమతీ తీసుకోకుండా టేప్ రికార్డర్ పెట్టి, ‘టోరెన్స్ కమ్యూనిటీ డాన్స్ గ్రూప్’ అనే కల్పిత బృందం పేరుతో కొందరు తడబడుతూ, మహా శ్రద్ధగా నృత్యం చేస్తారు. హాలు ఉద్యోగి ఒకరు వచ్చి పాట ఆపేయడం కూడా వీడియోలోనే ఉంది. ఇది 1999 ఎంటీవీ వీడియో అవార్డుల్లో దర్శకత్వానికీ నృత్య దర్శకత్వానికీ కలిపి మొత్తం మూడు బహుమతులు గెలుచుకుంది.

ఆ అంకె అబద్ధమని నేను అనడం లేదు. అది మొత్తం జమాఖర్చులో ఒక్క పద్దు మాత్రమేనని అంటున్నాను. అప్పటికే బీస్టీ బాయ్స్, వీజర్ వంటి బృందాలకు వీడియోలు తీసి పేరు తెచ్చుకున్న దర్శకుడి పలుకుబడికి, ఆ పాటను టీవీలో రోజుకు ఎన్నోసార్లు వేయించగల లేబుల్ (రికార్డు కంపెనీ) బలానికి ఆ 800లో చోటు లేదు. పైగా ఆ అంకె వీడియోకంటే ఎక్కువ ప్రచారం పొంది, తానే ఒక ప్రకటనగా మారిపోయింది. తక్కువ ఖర్చుతో తీసి వివాదంతోనో, విడ్డూరంతోనో నలుగురి నోళ్లలో నానిన ఎలక్ట్రానిక్ వీడియోల గురించి ఇక్కడ మాట్లాడుకుందాం. అయితే ప్రతి ఉదాహరణలోనూ డబ్బు ఎవరు పెట్టారు, ఎవరికి వచ్చింది, చివరికి నష్టం ఎవరు భరించారు అన్నది కూడా చెప్పాలని సభ్యులకు నా మనవి.

---

అనుమానపు పక్షి

మూసీవాసి గారూ, మీరు ముందే తీర్పు రాసుకుని సాక్షులను పిలుస్తున్నట్టుంది. జోన్జ్ ఆ వీడియోలో తన పేరు చెప్పుకోలేదు. రిచర్డ్ కూఫీ అనే కల్పిత వ్యక్తిగా తానే ముందు నిలబడి చిందులు వేశారు. చూసినవాళ్లలో చాలామందికి ఆయన దర్శకుడని తెలియను కూడా తెలియదు. జనం నవ్వింది ఆ నృత్యం చూసి, దాని వెనక ఉన్న లేబుల్‌ను చూసి కాదు. చిన్న ఖర్చులో మీరు చెప్పని సుగుణం ఒకటుంది. లక్షల డాలర్లు పెట్టినచోట ప్రతి దృశ్యానికీ పదిమంది సంతకాలు కావాలి. 800 డాలర్లకైతే ఎవరినీ అడగనక్కరలేదు. ఆ వీడియోలోని ప్రాణమంతా ఎవరినీ అడగకపోవడంలోనే ఉంది.

---

రాగమాలిక

ఎవరినీ అడగకపోవడం ప్రతిచోటా సుగుణం కాదని చెప్పడానికి దానికి కొంచెం ముందు వచ్చిన వీడియో ఒకటి గుర్తుచేస్తాను. బ్రిటన్‌కు చెందిన ప్రాడిజీ బృందపు ‘స్మాక్ మై బిచ్ అప్’ పాటకు జోనాస్ ఆకర్‌లండ్ తీసిన వీడియో 1997లో వచ్చింది. తాగి, మత్తుమందు పీల్చి, ఆడవాళ్లమీద చేయిచేసుకుంటూ లండన్‌లో ఒక రాత్రంతా తిరిగే మనిషి కళ్లలోంచి మనం అంతా చూస్తాం. చివర అద్దంలో చూసుకున్నప్పుడు ఆ మనిషి స్త్రీ అని తెలుస్తుంది. ఎంటీవీ దాన్ని అర్ధరాత్రి దాటాక మాత్రమే కొన్నాళ్లు వేసి మానేసింది. అమెరికాలో మహిళా సంఘాలు పాట పేరునే తప్పుపట్టాయి. వాల్‌మార్ట్, కేమార్ట్ దుకాణాలు ఆల్బమ్‌ను అరల్లోంచి తీసేశాయి. అదే ఎంటీవీ మరుసటి ఏడాది దానికి రెండు అవార్డులు ఇచ్చింది.

ఇది 800 డాలర్ల వీడియో కాదు. దీన్ని ప్రస్తావించడానికి కారణం వేరు. ఇక్కడ ప్రచారాన్ని ఉచితంగా చేసిపెట్టింది నిరసన తెలిపినవాళ్లే. ఆ చివరి మలుపు చాలా తెలివైనదని అందరూ మెచ్చుకున్నారు, నేనూ కాదనను. అయితే మలుపు వీడియోలో ఉంది, పాట పేరు మాత్రం దుకాణంలో, రేడియోలో, చొక్కామీద ఏ మలుపూ లేకుండానే తిరిగింది. 1998 రెడింగ్ సంగీత ఉత్సవంలో ఆ పాట వాయించవద్దని బీస్టీ బాయ్స్ బృందమే అడిగింది, ప్రాడిజీ వినలేదు. తోటి సంగీతకారుల అభ్యంతరం కూడా వాళ్లకు ప్రచారంగానే కలిసొచ్చింది.

---

థేమ్స్ గట్టు

మూసీవాసి గారి జమాఖర్చుకు సరిగ్గా సరిపోయే ఉదాహరణ నా దగ్గర ఒకటుంది, అదీ అందరూ తక్కువగా చూసే ఉదాహరణ: క్రేజీ ఫ్రాగ్.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో డేనియల్ మాల్మెడాల్ అనే కుర్రాడు 1997లో మోపెడ్ ఇంజిన్ మోతను నోటితో అనుకరించి రికార్డు చేశాడు. ఆ శబ్దం నెట్‌లో చేతులు మారుతూ తిరిగింది. దానికి ఎరిక్ వెర్న్‌క్విస్ట్ అనే మరో స్వీడన్ కళాకారుడు 2003లో ఒక వింత జీవి బొమ్మను కల్పించి ప్రాణం పోశాడు. ఇంతవరకు ఇది ఇద్దరు కుర్రాళ్ల సరదా పని. ఖర్చు దాదాపు సున్నా. తరువాత యాంబా అనే జర్మన్ రింగ్‌టోన్ కంపెనీ హక్కులు తీసుకుంది. 1984 నాటి ‘యాక్సెల్ ఎఫ్’ బాణీమీద ఆ మోతను అతికించి 2005లో పాటగా విడుదల చేస్తే అది బ్రిటన్‌లో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచి, కోల్డ్‌ప్లే కొత్త పాటకు మొదటి స్థానం దక్కకుండా చేసింది.

వివాదం రెండు అంతస్తుల్లో నడిచింది. బొమ్మకు గీసిన మర్మాంగం కనిపిస్తోందని తల్లిదండ్రులు ప్రకటనల నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేశారు. సంస్థ దాన్ని తోసిపుచ్చింది. పత్రికలన్నీ దానిమీదే పడ్డాయి. అసలు విషయం రెండోది. ఒక రింగ్‌టోన్ కొంటున్నామనుకుని సందేశం పంపిన పిల్లలు తమకు తెలియకుండానే వారం వారం డబ్బు కట్టే చందాలో చేరిపోయారు. ఆ ఫిర్యాదుమీద మాత్రం సంస్థ కదిలి, ఆ ప్రకటనలను రాత్రి తొమ్మిదికి ముందు వేయరాదని చెప్పింది. ఒక మర్మాంగంమీద దేశమంతా వాదించుకుంటుండగా, ఆ పక్కనే పిల్లల ఫోన్లలోని బ్యాలెన్సు ఖాళీ అవుతూ వచ్చింది. వివాదానికి ఇంతకు మించిన ఉపయోగం ఏ వ్యాపారికైనా ఏముంటుంది?

---

కత్తెర

వరంగల్‌లో జానపద పాటల వీడియోలకు ఎడిటింగ్ చేసి బతికేవాణ్ని కనుక, 800 డాలర్ల అంకె నాకు ఏమాత్రం వింతగా తోచదు. ఒక పొలం, ఒక ట్రాక్టరు, అద్దె కెమెరా, నలుగురు కళాకారులు ఉంటే ఒక రోజులో పాట తీసేస్తారు. దానికి డీజే వెర్షన్ అని మరొకటి తయారుచేసి బారాత్‌లకు వదులుతారు. అసలు ఖర్చు ఆ తరువాతే మొదలవుతుంది. చిన్న ముక్కలు చేసి ఎవరెవరి పేజీల్లో వేయించాలి, ఏ డాన్సర్ చేత రీల్ చేయించాలి అన్నదానికి పెట్టే డబ్బు షూటింగ్ ఖర్చుతో పోటీ పడుతుంది. ఆ డబ్బు గురించి ఎవరూ పైకి చెప్పరు. ‘పాట దానంతట అదే పేలింది’ అని చెప్పుకోవడమే అందరికీ లాభం.

అందుకే ఒక సందేహం. ‘హార్లెమ్ షేక్’ నిజంగానే దానంతట అదే పేలిందా?

---

మూసీవాసి

మంచి ప్రశ్న. దీనికి కొంచెం విపులంగానే జవాబు చెప్పాలి.

బావర్ అనే పేరుతో సంగీతం చేసే హ్యారీ రోడ్రిగ్స్ పాట అది. మ్యాడ్ డిసెంట్ లేబుల్‌కు అనుబంధంగా ఉన్న చిన్న శాఖ 2012 మే నెలలో దాన్ని ఉచితంగా విడుదల చేసింది. ఎనిమిది నెలలపాటు అది క్లబ్బుల్లో వినే పాటే. 2013 జనవరి చివర ఫిల్తీ ఫ్రాంక్ అనే యూట్యూబ్ హాస్యగాడు బిగుతు దుస్తుల్లో మరికొందరితో కలిసి ఆ పాటకు ఊగాడు. రెండు మూడు రోజుల్లోనే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ కుర్రాళ్లు దానికి ఒక అచ్చు తయారుచేశారు. మొదటి పదిహేను సెకన్లు హెల్మెట్ పెట్టుకున్న ఒక్కడు కదులుతాడు, మిగతావాళ్లు పట్టించుకోరు. డ్రాప్, అంటే ఉన్నట్టుండి బీట్ విరుచుకుపడే చోటు, రాగానే గదంతా పిచ్చెత్తినట్టు ఊగుతుంది. ముప్పై సెకన్ల వీడియో, ఖర్చు సున్నా. ఇంతవరకు అనుమానపు పక్షి గారి పక్షమే గెలుస్తుంది, ఎవరూ ఎవరికీ డబ్బివ్వలేదు.

ఫిబ్రవరి మొదటి వారం దాటాక కథ మారింది. పెద్ద యూట్యూబ్ వీడియో సంస్థలు, తరువాత వాణిజ్య కంపెనీలు తమ తమ ఉద్యోగులతో అవే వీడియోలు చేసి వదిలాయి. లేబుల్ ఆ వేలాది వీడియోలను తొలగించమని అడగలేదు. యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ పాటను గుర్తుపట్టి, ఆ వీడియోలమీద వచ్చే ప్రకటనల ఆదాయాన్ని హక్కుదారుకు మళ్లిస్తుంది కదా, ఇక్కడ అదే జరిగింది. సరిగ్గా ఆ నెలలోనే అమెరికాలో పాటల ర్యాంకులు ప్రకటించే బిల్‌బోర్డ్ సంస్థ తన హాట్ 100 పట్టికలో యూట్యూబ్ వీక్షణలను కూడా లెక్కించడం మొదలుపెట్టింది. ఎవరో తీసిన వీడియో అయినా అందులో అధికారిక పాట ఉంటే చాలు. ఫలితంగా పాట నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టి ఐదు వారాలు అక్కడే ఉంది. తయారుచేసింది వేలమంది, జమ అయింది ఒక్క ఖాతాలో. కాబట్టి కత్తెర గారూ, నిప్పు దానంతట అదే అంటుకుంది, గాలి మాత్రం తెలిసినవాళ్లు విసిరారు.

---

అనుమానపు పక్షి

చివరి వాక్యంతో నాకు పేచీ లేదు. కానీ క్వీన్స్‌లాండ్ కుర్రాళ్లను ఎవరూ కూలికి పెట్టుకోలేదు. వాళ్లు ఆడుకున్నారు, ఆనందించారు. పాట ఉచితంగా వాడుకున్నారు, ప్రతిగా లేబుల్‌కు ప్రకటనల పైసలు వెళ్లాయి. ఇందులో మోసపోయినవాళ్లు ఎవరో నాకు కనబడటం లేదు.

---

రాగమాలిక

కనబడకపోవడానికి కారణం, వాళ్లు వీడియో అయిపోయాక మొదలయ్యే కథలో ఉండటమే. పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఒక బంగారు గనిలో భూగర్భంలో ఈ నృత్యం చేసిన కార్మికులు భద్రతా నియమాలు ఉల్లంఘించారన్న కారణంతో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కైరోలో వీధిలో లోదుస్తులతో ఊగిన నలుగురు విద్యార్థులను పోలీసులు పట్టుకెళ్లారు; తరువాత కొన్ని వందలమంది అప్పుడు దేశాన్ని ఏలుతున్న ముస్లిం బ్రదర్‌హుడ్ కార్యాలయం ముందే ఆ నృత్యం చేసి దాన్ని నిరసనగా మార్చారు. ట్యునీషియాలో ఒక పాఠశాల పిల్లలు చేస్తే విద్యాశాఖ మంత్రి విచారణకు ఆదేశించారు. వీళ్లందరూ ఒక పాటకు ఉచిత ప్రచారకులే కదా! మొదటి స్థానంలో నిలిచిన పాట తాలూకు లెక్కల్లో వీళ్ల పద్దు ఎక్కడా రాదు.

ఇక హార్లెమ్ మాటకొస్తే, అది న్యూయార్క్‌లోని ఒక పేట; ‘హార్లెమ్ షేక్’ అన్న పేరుతో 1980ల నుంచి అక్కడ ఒక అసలైన నృత్యం ఉంది. వీడియోల్లో ఊగుతున్నదానికీ దానికీ సంబంధమే లేదని హార్లెమ్ వాసులు కెమెరా ముందుకొచ్చి మరీ చెప్పారు. పేరు వాళ్లది, ప్రచారం ఇంకొకరిది.

---

థేమ్స్ గట్టు

రాగమాలిక గారు చెప్పిన ప్రచారకుల వరుసలో నన్నడిగితే ముందు నిలవాల్సింది ఉల్యానొవ్‌స్క్ కుర్రాళ్లు.

ముందు పాట సంగతి. ఇటలీకి చెందిన బెన్నీ బెనాసీ ‘సాటిస్‌ఫ్యాక్షన్’ 2002లో వచ్చింది. మొదట తీసిన సాదా వీడియో ఎవరికీ గుర్తులేదు. తరువాత బ్రిటన్ విడుదల కోసం డూగల్ విల్సన్ తీసిన వీడియోలో అరకొర దుస్తుల అమ్మాయిలు డ్రిల్లింగ్ మిషన్లు, సాండర్లు పట్టుకుని పనిచేస్తుంటారు; తెరమీద ఆ పనిముట్ల వివరాలు కేటలాగులో రాసినట్టు పడుతుంటాయి. పనిముట్ల ప్రకటనలను వెక్కిరిస్తున్నామన్న సాకుతో ఆ ప్రకటనలు చేసే పనే తానూ చేసింది ఆ వీడియో. అది రాత్రిపూట సంగీత చానళ్లలో బాగా ఆడి, పాటను బ్రిటన్‌లో రెండో స్థానానికి చేర్చింది.

పదిహేనేళ్ల తరువాత, 2018 జనవరిలో, రష్యాలో వోల్గా ఒడ్డున ఉన్న ఉల్యానొవ్‌స్క్ పౌర విమానయాన సంస్థలో చదివే మొదటి సంవత్సరం క్యాడెట్లు హాస్టల్లో లోదుస్తులు, యూనిఫాం టోపీలతో ఆ పాటకు ఒక పేరడీ తీశారు. ఇస్త్రీ చేస్తూ, ఊడుస్తూ, అరటిపండు తింటూ ఊగడం, అంతే. బ్రిటన్ సైనికులు 2013లో చేసిన అలాంటి వీడియోకే ఇది అనుకరణ. ఫోన్‌తో తీసిన ఈ చిల్లర సరదామీద దేశపు విమానయాన శాఖ విచారణ సంఘాన్ని వేసింది, రాష్ట్ర గవర్నరు మండిపడ్డారు, టీవీలో చర్చలు జరిగాయి. కుర్రాళ్లను బహిష్కరిస్తారన్న వార్త పొక్కగానే దేశం నలుమూలల నుంచీ వాళ్లకు మద్దతుగా అదే పాటకు అవే ఊగులాటలతో వీడియోలు వచ్చిపడ్డాయి. అత్యవసర సేవల విద్యార్థులు, వ్యవసాయ కళాశాల కుర్రాళ్లు, నర్సింగ్ అమ్మాయిలు, భవన నిర్మాణ కార్మికులు, చివరికి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఒక ఉమ్మడి వంటగదిలో పింఛనుదారులైన అవ్వలు సైతం చేశారు. చివరికి ఎవరినీ బహిష్కరించలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో ఏ ప్రచార నిపుణుడూ లేడు, లేబుల్ ప్రమేయం లేదు. అధికారుల కోపమే ఆ పాటకు కావలసిన పంపిణీ వ్యవస్థ అయింది. పక్షి గారూ, ఇది మీ వాదానికి బలమే. కాకపోతే తెలిసి రగిలించినా తెలియక రగిలినా విచారణలో కూర్చుని చెమటలు పట్టింది ఆ కుర్రాళ్లకే. పాతబడిన పాటకు కొత్త వీక్షణలు వచ్చింది ఇటలీకి.

---

నిర్వాహకులు

చర్చ బాగా సాగుతోంది. ఒక చిన్న విన్నపం: వెలుగులు టపటపా కొట్టుకునే వీడియోల లంకెలు ఇచ్చేటప్పుడు పైన హెచ్చరిక రాయండి. బ్రిటన్ సంగీతకారుడు ఏఫెక్స్ ట్విన్ 2018లో విడుదల చేసిన ‘టీ69 కొలాప్స్’ వీడియో మూర్ఛవ్యాధి ఉన్నవారికి ప్రమాదమని తేల్చే పరీక్షలో విఫలమై, అడల్ట్ స్విమ్ చానల్లో జరగాల్సిన తొలి ప్రసారమే ఆగిపోయింది. ఆ రద్దు కూడా వార్తయి ప్రచారమే అయిందన్నది వేరే సంగతి.

---

అనుమానపు పక్షి

నిర్వాహకుల పుణ్యమా అని మంచి దారి దొరికింది. వివాదమే లేకుండా, ఎవరినీ బాధపెట్టకుండా సాగిన ప్రచారాలు ఎలక్ట్రానిక్ సంగీతంలోనే అందంగా జరిగాయి. 2013 ఏప్రిల్‌లో రికార్డుల దుకాణాలు జరుపుకునే రికార్డ్ స్టోర్ డే నాడు న్యూయార్క్‌లోని ఒక దుకాణంలో స్కాట్లాండ్ బృందం బోర్డ్స్ ఆఫ్ కెనడా పేరుతో ఒక రికార్డు దొరికింది. అందులో పాట లేదు. ఒక గొంతు ఆరంకెలు చదువుతుంది. ఇలాంటి గుప్తసంఖ్యలు మొత్తం ఆరు; మిగతావి రేడియో, టీవీ ప్రకటన, వెబ్ వంటి చోట్ల వేర్వేరుగా దాగి ఉన్నాయి. అభిమానులు అన్నింటినీ పోగుచేసి ఒకచోట కలిపితే ‘టుమారోస్ హార్వెస్ట్’ ఆల్బమ్ ప్రకటన తెరుచుకుంది. మరుసటి ఏడాది ఏఫెక్స్ ట్విన్ లండన్ ఆకాశంలో తన గుర్తు ఉన్న ఆకుపచ్చ గాలిబుడగను ఎగరేసి, ‘సైరో’ ఆల్బమ్ పేరును గుట్టుగా నెట్ చూసేందుకు వాడే టార్ బ్రౌజర్‌తో మాత్రమే తెరుచుకునే పేజీలో ప్రకటించాడు. ఇక్కడ జనం పనిచేశారు, నిజమే. కానీ ఎవరి ఉద్యోగమూ పోలేదు.

---

కత్తెర

పక్షి గారూ, ఆ ఇద్దరికీ పదిహేనేళ్లకు పైగా అభిమానులున్నారు కాబట్టి రికార్డులో అంకెలు చదివినా జనం చెవులు రిక్కించి విన్నారు. నా దగ్గరికి మొదటి పాట పట్టుకొచ్చే కుర్రాడు ఆరంకెలు చదివితే వాళ్లమ్మ కూడా వినదు. పేరు లేనివాడికి మిగిలేవి వింతా, వివాదమే.

వృత్తి దృష్టితో ఇంకొక మాట. చవకగా ఉండటం వేరు, చవకగా కనిపించడం వేరు. రెండోది చాలా కష్టం. ఫ్రాన్స్‌కు చెందిన జస్టిస్ బృందపు ‘స్ట్రెస్’ వీడియో, 2008లో రోమాన్ గావ్రాస్ తీసింది, మొత్తం ఏదో టీవీ విలేకరి భుజంమీద కెమెరా పెట్టుకుని కుర్రాళ్ల వెంట పరిగెత్తినట్టుంటుంది. వీపున శిలువ గుర్తున్న జాకెట్లు వేసుకున్న ఆ ముఠా పారిస్ శివారు నుంచి నగరం దాకా దొరికినవాణ్ని దొరికినట్టు కొడుతుంది, చివరికి కెమెరావాళ్లమీదే తిరగబడుతుంది. ఆ వణుకు, ఆ తొందర అన్నీ ముందే రిహార్సల్ చేసినవి. కూడలిలో అంతమంది జనం మధ్య దెబ్బలాట తీసి, ఎక్కడా అతుకు కనబడకుండా కత్తిరించడం మా లాంటివాళ్లకు అసూయ పుట్టించే పని.

---

రాగమాలిక

పనితనం గురించి మీరన్నది ఒప్పుకుంటూనే ఒక మాట. ఆ ముఠాలోని కుర్రాళ్లు ఎక్కువమంది నల్లవాళ్లూ అరబ్బులూ. పారిస్ శివార్లలో మొదలైన 2005 అల్లర్లు ముగిసి మూడేళ్లు కాకముందే, శివారు పిల్లలంటే భయపడే ఫ్రాన్స్‌కు సరిగ్గా ఆ భయాన్నే చూపించిన వీడియో అది. మీడియా చూపును ఎండగట్టామని సమర్థకులు అన్నారు, జాత్యహంకారమని విమర్శకులు అన్నారు; దాన్ని టీవీకి ఇవ్వకుండా నేరుగా నెట్‌లో వదిలారు. ఎవరి వ్యాఖ్యానం సరైనదైనా, మర్నాడు మెట్రోలో జనం పక్కకు జరిగి కూర్చునేది ఆ బృందంలోని ఇద్దరు తెల్ల సంగీతకారులను చూసి కాదు.

---

అనుమానపు పక్షి

‘స్ట్రెస్’ విషయంలో మీతో ఏకీభవించను. అసౌకర్యం కలిగించడం కళకు ఉన్న హక్కు. చూసేవాడి పక్షపాతానికి తీసినవాణ్ని దండించలేం. ‘హార్లెమ్ షేక్’ విషయంలో మాత్రం గని కార్మికుల సంగతి చదివాక నా మొదటి మాటను అంత ధీమాగా అనలేను.

---

థేమ్స్ గట్టు

‘హార్లెమ్ షేక్’ మాట మళ్లీ వచ్చింది కనుక, అందులోని గొంతుల సంగతి చెప్పకపోతే లెక్క పూర్తికాదు. మొదట వినిపించే స్పానిష్ కేక ప్యూర్టో రికోకు చెందిన హెక్టర్ డెల్గాడోది. ఆయన ఒకప్పటి రెగెటోన్ గాయకుడు, తరువాత మత బోధకుడయ్యాడు. ‘డూ ద హార్లెమ్ షేక్’ అన్న గొంతు ఫిలడెల్ఫియాకు చెందిన జేసన్ మసన్‌ది. ఇద్దరి అనుమతీ తీసుకోలేదు. పాట మొదటి స్థానానికి వెళ్లాకే ఇద్దరూ తమ వాటా అడిగారు. ఉచితంగా వదిలిన పాటకు శాంపిల్ (వేరే పాటలోంచి కోసి తెచ్చిన ముక్క) అనుమతులు ఎవరు తీసుకుంటారని అప్పట్లో అనుకుని ఉంటారు.

---

కత్తెర

ఈ ఒక్క సంగతి కోసమైనా నేను ఈ చర్చకు రుణపడ్డాను. ప్రస్తుతం నా టేబుల్ మీద ఒక డీజే పాట ఉంది. అందులో డ్రాప్‌కు ముందు వచ్చే ‘ఉయ్యాలో’ పల్లవి పరకాల దగ్గరి ఊళ్లో ఒక పెద్దమ్మ బతుకమ్మ ఆడుతూ పాడింది. ఎవరో ఫోన్‌లో తీసి వాట్సాప్‌లో పంపితే డీజే కుర్రాడు దాన్ని కోసి వాడాడు. అడిగితే ‘ఇది ఊరి పాట అన్నా, ఎవరిదీ కాదు’ అన్నాడు. పాట ఊరిదే కావచ్చు, గొంతు మాత్రం ఆమెది. నిర్మాతతో నిన్న మాట్లాడాను. ఆమె దగ్గరికి వెళ్లి ఒప్పుకోలు రాయించుకుని, ఎంతో కొంత ముందే ముట్టజెప్పి, వివరణలో మొదటి వరుసలో ఆమె పేరు వేస్తేనే ఫైలు ఇస్తానని చెప్పాను. ఖర్చు పెరుగుతుందని గొణిగాడు. ట్రాక్టరు అద్దెకు పెట్టినంత కూడా కాదని లెక్క వేసి చూపించాక ఆదివారం ఆ ఊరికి వెళ్దామన్నాడు. అలాంటి ఒప్పుకోలు పత్రం నమూనా తెలుగులో ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి ఇక్కడ పెట్టండి. నా దగ్గరున్నది ఇంగ్లీషులో ఉంది, ఆమెకు చదివి వినిపించలేను.